కుడికంటి అద్దం

పన్నెండేండ్లుగా నేనొక మాట దాచుకుని బతుకుతున్నాను. పెట్టెలో పెట్టి తాళం వేస్తే అయిపోయే దాపరికం కాదిది. రోజూ దాచాలి. పొద్దున దుకాణం తలుపులు తీసేటప్పుడు దాచాలి. ఎవరైనా కొత్త చష్మా పెట్టుకుని, తల అటూ ఇటూ తిప్పి, "జర మసకగనే ఉన్నది" అంటే దాచాలి. మాటవరసకు ధారూర్ పేరు ఎత్తితే దాచాలి. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే నాకుంటే, అప్పుడే ఆ మనిషికే చెప్పి ఉండేవాణ్ని.

నేను దొంగతనం చేయలేదు. ఎవరి మీదా చేయి ఎత్తలేదు. చేయవలసిన పని ఒకటి, ఐదు నిమిషాల పని, చేయకుండా ఊరుకున్నాను. అంతే. చూశారా, "అంతే" అంటున్నాను. ఎంత పెద్దదాన్నయినా ఇట్లా చిన్నది చేసి పక్కకు నెట్టే గుణం నాకు మొదటి నుంచీ ఉంది. నోటి దురుసు కూడా ఉంది. ఈ రెండూ కలిసే ఒక మనిషి బతుకును పాడు చేశాయి.

అప్పుడు నేను తాండూరు బజారులో ఒక సేటు దుకాణంలో చష్మాలు చేసేవాణ్ని. కండ్ల పరీక్ష మా దగ్గర ఉండేది కాదు. వికారాబాద్‌లో ఒక ముసలి డాక్టర్ సాబ్ పరీక్ష చేసి, నంబర్లు చీటీ మీద రాసిచ్చేవాడు. ఆ చీటీ పట్టుకుని జనం రైలెక్కి మా దుకాణానికి వచ్చేవారు. అద్దాలు హైదరాబాద్ నుంచి తెప్పించేవాళ్లం. వాటిని ఫ్రేముకు తగ్గట్టు అరగదీసి బిగించడం నా పని. నాకు ముందు ఆ పని చేసిన మా ముసలి కారీగరు కొడుకు దగ్గరుంటానని గుల్బర్గా వెళ్లిపోయాక, ఆయన పనిబల్ల నాదైంది. ఇరవై ఆరేండ్ల వయసు. బజారులో నన్నందరూ "చష్మా మాస్టర్" అనేవారు. ఆ పిలుపు నాకు ఎంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

అసలు మాస్టర్ వేరే ఉన్నాడు. ఖాదర్ మాస్టర్. ధారూర్ బడిలో నాకు చదువు చెప్పిన మనిషి. నిజాం కాలపు బడి, ఉర్దూ చదువు. ఆయన బెత్తం పట్టగా నేను చూడలేదు. పలక మీద తప్పు రాస్తే తన చేత్తోనే తుడిచి, మళ్లీ రాయించేవాడు. ఎన్నిసార్లయినా సరే, విసుక్కునేవాడు కాదు. మేమే విసిగిపోయి సరిగ్గా రాసేవాళ్లం.

పోలీసు యాక్షన్ అయిపోయిన తర్వాత ఉర్దూ బడులు ఒకటొకటిగా తెలుగు బడులయ్యాయి. ఖాదర్ మాస్టర్‌కు తెలుగు మాట మనందరికీ వచ్చినట్టే వచ్చు. రాత రాదు. నలభై ఏడేండ్ల వయసులో పిల్లల మొదటి వాచకం ముందు పెట్టుకుని అ ఆలు దిద్దడం మొదలుపెట్టాడు. ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడి తెలుగు వాచకం చదవాలి, ఆయన చెప్పింది రాయాలి. గట్టెక్కితే బడి. లేకపోతే ఏదో ఒక దఫ్తర్‌లో ఫైళ్లు మోసే పని. "ఇరవై రెండేండ్ల సంది చాక్‌పీసు పట్టిన చెయ్యి బేటా, గిప్పుడు ఇంకేం పట్టుకుంటది?" అన్నాడొకసారి నాతో.

ఆ చదువు మొదలుపెట్టాకే ఆయనకు కండ్ల సంగతి తెలిసింది. ఉర్దూ పుస్తకం పట్టుకుంటే బాగానే సాగేది. తెలుగు అక్షరాలు మాత్రం అలికినట్టు కనిపించేవి. వికారాబాద్ వెళ్లి పరీక్ష చేయించుకుని, చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తన దగ్గర చదువుకున్న పిల్లగాడే తనకు చష్మా చేస్తున్నాడని దుకాణంలో ఉన్నవాళ్లందరికీ చెప్పుకున్నాడు. నేను మంచి గుండ్రటి ఫ్రేము ఏరి, అద్దాలు బిగించి, మెత్తటి బట్టతో తుడిచి, నా చేతులతోనే ఆయన చెవులకు తగిలించాను. ఆయన చుట్టూ చూశాడు. రెండుసార్లు కండ్లు గట్టిగా మూసి తెరిచాడు.

వారానికి మళ్లీ వచ్చాడు. మసకగా ఉందన్నాడు. ఒక అక్షరం మీద ఇంకో అక్షరం కూర్చున్నట్టు ఉందనీ, కాసేపు చదివితే తల తిరిగి కడుపులో తిప్పుతుందనీ చెప్పాడు. కొత్త చష్మా అట్లాగే ఉంటుంది, అలవాటవుతుంది అన్నాను. మా వృత్తిలో ఇంతకన్నా పనికొచ్చే మాట లేదు. సగంమంది విషయంలో అది నిజమే. మిగతా సగంమంది ఓపికపట్టి ఊరుకుంటారు.

ఆయన ఊరుకోలేదు, ఊరుకునే వీలు లేదు. పరీక్షకు ఇంకా రెండు నెలలే ఉంది. మళ్లీ వికారాబాద్ పోయాడు. డాక్టర్ సాబ్ ఇనుప చట్రం ముక్కు మీద పెట్టి, అందులో ఒక్కొక్క అద్దమే మార్చి మార్చి చూశాడట. గోడ మీద అట్టలో ఉన్నవన్నీ కనిపించాయి. చేతిలో పెట్టిన సన్న అచ్చు కూడా కనిపించింది. నంబరు మారలేదు, చష్మా సరిగ్గానే ఉంది పో అన్నాడు, చష్మాను చేతిలోకి తీసుకోకుండానే. బయటికొచ్చి దుకాణం చష్మా పెట్టుకుంటే మళ్లీ అదే మసక. తిరిగి లోపలికి పోతే డాక్టర్ సాబ్ కోపానికొచ్చాడు. రెండుసార్లు చూశాను, ఇంకేం చూడాలి అన్నాడు.

ఆ రెండు నెలలు ఖాదర్ మాస్టర్ ఆ రైలు పట్టాల మీదనే తిరిగాడు. ధారూర్ నడిమధ్యన ఉంటుంది. ఇటు వస్తే తాండూరు, అటు పోతే వికారాబాద్. నేను డాక్టర్ దగ్గరికి పొమ్మనేవాణ్ని, డాక్టర్ నా దగ్గరికి పొమ్మనేవాడు. పరీక్ష చేసిన ప్రతిసారీ కండ్లు బాగున్నాయని తేలేది. బడికి పోయి వాచకం తెరిస్తే అక్షరం ఆనేది కాదు. ఇంత పరేషాన్‌లో ఉన్న మనిషి ఒక్కసారైనా నా మీద గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదేమో. నాకు కోపం వచ్చి, ఆ కోపంతోనైనా చష్మా విప్పి మొదటినుంచీ చూసేవాణ్నేమో. ఇదీ సాకేనేమో.

నేను అసలే చూడలేదని కాదు. అద్దాన్ని ఒక గీత మీద పట్టుకుని కదిపితే, ఆ గీత ఎంత జరుగుతుందో చూసి నంబరు పోల్చుకోవచ్చు. అట్లా చూశాను. నాలుగు నంబరు అద్దం ఉంది. ఒకటిన్నర నంబరు అద్దం ఉంది. మా రిజిస్టరు కార్డులో కూడా ఒకటిన్నర, నాలుగు అనే ఉంది. ఇంకేం తప్పు ఉంటుంది? ఆ రోజు వరకూ నేను అబద్ధం ఆడలేదు. ఆ రోజు వరకూ నాది తప్పే కానీ పాపం కాదు.

ఒక అంగడి రోజున మళ్లీ వచ్చాడు. దుకాణం నిండా జనం. నాకు చేతినిండా పని. ఆయన తన వంతు వచ్చేదాకా మూలన నిలబడి, అదే మాట మళ్లీ చెప్పాడు. నాకు చిరాకు వేసింది. బల్ల మీద ఉన్న ఉర్దూ పేపరు తీసి ఆయన చేతికిచ్చి చదవమన్నాను. చదివాడు, ఆగకుండా. తర్వాత ఆయన సంచిలోని తెలుగు వాచకమే తీసి తెరిచి ఇచ్చాను. మొదటి వరుసలోనే ఆగిపోయాడు. పుస్తకం దగ్గరికి తెచ్చాడు, దూరం పెట్టాడు, మళ్లీ దగ్గరికి తెచ్చాడు.

అప్పుడన్నాను. "సార్, మీ కండ్లకు ఉర్దూ కనవడ్తది, తెలుగు కనవడదా? గట్లయితే చష్మా కాదు సార్, పంతులు గావాలె మీకు."

దుకాణం అంతా నవ్వింది. సేటు కడుపు పట్టుకుని నవ్వాడు. గద్దె మీద కూర్చున్న ఇద్దరు నా మాటను మళ్లీ చెప్పుకుని నవ్వారు. ఖాదర్ మాస్టర్ కూడా నవ్వాడు. నవ్వి, "సచ్ హై బేటా, గట్లనే ఉన్నట్టున్నది" అని, వాచకం మూసి సంచిలో పెట్టుకున్నాడు.

ఆ నవ్వు నాకు ఎంత హాయినిచ్చిందో చెప్పకపోతే ఈ ఒప్పుకోలు సగమే. అందరి ముందూ గెలిచినట్టుంది. నాకు చదువు చెప్పిన మనిషిని నవ్వులపాలు చేశానన్న ఆలోచన రాలేదు. ఆ సాయంత్రం బజారులో నడుస్తుంటే ఒకరిద్దరు ఆ మాటను నాకే చెప్పారు. మాట అప్పుడే ఊళ్లోకి పోయింది. రైలెక్కి ధారూర్ కూడా పోయింది.

ఉర్దూ ఎందుకు కనిపించిందో తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. నలభై ఏండ్లుగా చదువుతున్న లిపి. మసకలో కూడా మాట ఆకారాన్ని బట్టి పోల్చుకుంటాడు. అలవాటైన మనిషిని దూరం నుంచి నడకను బట్టి గుర్తుపట్టమా? తెలుగు ఆయనకు కొత్త. ద, ధ, థ లలో తేడా ఒక చిన్న చుక్కలో, ఒక గీతలో ఉంటుంది. ఒత్తు ఉందా లేదా, దీర్ఘం ఉందా లేదా, కన్ను పట్టుకోవాలి. మసకలో ఎట్లా పట్టుకుంటుంది? నేను చష్మాలు చేసేవాణ్ని, ఇది నాకు తట్టవలసింది. తట్టలేదు, ఎందుకంటే అప్పటికే నవ్వు వచ్చేసింది.

ఇక ఆ రోజు. పరీక్షకు ముందు రోజు, మధ్యాహ్నం.

సేటు వికారాబాద్‌లో ఇంకో దుకాణం పెడుతున్నాడు. దాన్ని నాకు అప్పగిస్తానన్నాడు. అక్కడ జాగా ఇచ్చే పెద్దమనిషి మాట్లాడటానికి వచ్చి గద్దె మీద కూర్చున్నాడు. సేటు నన్ను చూపించి, "మా పిల్లగాడు, ఇప్పటిదాంక ఒక్క చష్మా గూడ వాపస్ రానియ్యలె" అని చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఖాదర్ మాస్టర్ మెట్లెక్కాడు.

ఆయన గద్దె వైపు చూడకుండా నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, చష్మా తీసి నా ముందు పెట్టాడు. లోపలి జేబులోంచి డాక్టర్ సాబ్ చీటీ తీసి పక్కన పరిచాడు. మడతలు పడి, నలిగిపోయి ఉంది. "రేపే పరీక్ష బేటా. ఒక్కపారి చీటీతోని కలిపి సూడు" అన్నాడు మెల్లగా. నేను చూస్తుండగా చీటీ మీద కుడివైపు ఉన్న అంకె మీద వేలు పెట్టి, "గిది కుడికన్నుది. నాలుగు. గీ కన్నే కమ్‌జోర్ ఉన్నదన్నడు డాక్టర్ సాబ్" అన్నాడు.

చేతిలో చష్మా ఉంది. చూశాను. లావు అద్దం ఎడమకంటికి ఉంది.

డాక్టర్ సాబ్ పాతకాలపు మనిషి. ఉర్దూ రాసినట్టే చీటీ కూడా కుడి నుంచి ఎడమకు రాసేవాడు. కుడిపక్క రాసిన అంకె కుడికంటిది. ఏ కన్ను ఏదో రాసేవాడు కాదు, ఆయన లెక్కలో అది రాయవలసిన సంగతే కాదు. మా ముసలి కారీగరుకూ అంతే, అందుకే నాకు చెప్పాలని ఆయనకు తోచలేదు. నేనేమో హైదరాబాద్ నుంచి వచ్చే అచ్చు కార్డులకు అలవాటు పడ్డాను. వాటిలో మొదటి గడి కుడికంటిది, అది కాగితానికి ఎడమపక్క ఉంటుంది. చీటీ మీద అంకెలు నా కంటికి ఎట్లా తగిలితే అట్లా, ఎడమ నుంచి ఎక్కించేశాను. బల్ల నా చేతికి వచ్చి ఏడాది దాటింది. ఏడాదిగా వికారాబాద్ చీటీలన్నీ అట్లాగే ఎక్కించాను. చాలామందికి రెండు కండ్ల నంబర్లూ ఒక్కటే ఉంటాయి, లేదా పావు తేడా ఉంటుంది. ఎవరికీ తెలియలేదు. ఖాదర్ మాస్టర్‌కు ఒక కన్ను నాలుగు, ఒక కన్ను ఒకటిన్నర.

కాగితాన్ని కుడి నుంచి చదవాలని నాకు నేర్పిందే ఆయన.

సన్న స్క్రూడ్రైవర్ నా చేతిలోనే ఉంది. గుండ్రటి ఫ్రేము, రెండు అద్దాలూ ఒకే కొలత. రెండు మరలు వదులు చేసి, అటుదిటు ఇటుదటు మార్చి, మళ్లీ బిగిస్తే ఐదు నిమిషాలు. ఏమీ చెప్పనక్కర కూడా లేదు. మర వదులైంది సార్, బిగిస్తున్నా అని అబద్ధం చెప్పినా సరిపోయేది. ఆ అబద్ధం ఆడి ఉంటే దేవుడు కూడా ఏమీ అనేవాడు కాదు.

కానీ ఆయన పెట్టుకుంటాడు. పెట్టుకోగానే కనిపిస్తుంది. ఖాదర్ మాస్టర్ సంతోషం వస్తే దాచుకునే మనిషి కాదు. అరే, సాఫ్‌గ కనవడ్తున్నది అని గద్దె దాకా వినిపించేట్టు అంటాడు. ఇన్ని రోజులు ఏమైంది మరి అని సేటు అడుగుతాడు. వికారాబాద్ పెద్దమనిషి చూస్తాడు. అంగడినాటి నా మాట తిరిగి నా మీదికే వస్తుంది.

"ఏమైందిరా?" అన్నాడు సేటు గద్దె మీద నుంచి.

"ఏం లేదు సేట్. అంతా సరిగ్గనే ఉన్నది."

ఖాదర్ మాస్టర్ నా మొహంలోకి చూశాడు. "పక్కానా బేటా?"

"పక్కా సార్."

ఆయన చష్మా తీసుకున్నాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయితే నా కండ్లే అబద్ధం చెప్తున్నయన్నట్టు" అన్నాడు. నాతో అన్నట్టు లేదు. తనతో తానే అనుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఎందుకు చేశాను? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు. కొత్త దుకాణం పోతుందని భయపడ్డానని మొదట్లో చెప్పుకునేవాణ్ని. అది నిజమే, కానీ సేటు అంత చెడ్డవాడు కాదు. తిట్టి ఊరుకునేవాడు. ఏనాటిదో పగ ఏదైనా లోపల ఉందా అని వెతికాను. ఆ మనిషి మీద పగ ఎక్కడిది? చివరికి తేలింది ఒకటే. నేనన్న మాట అందరూ నవ్విన మాట. అది తప్పని తేలడం నాకు ఇష్టం లేదు. ఒక ఎగతాళిని నిజంగా ఉంచడం కోసం ఒక మనిషి కండ్లను అబద్ధం చేశాను. ఇంతకన్నా పెద్ద కారణమేదీ నాకు దొరకలేదు. పెద్ద కారణం ఉన్నా బాగుండేది.

ఇక్కడితో అయినా ఆగలేదు. రైలుకు ఇంకా ముప్పావుగంట ఉంది. స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని, చాయ్ తాగొస్తానని చెప్పి, స్టేషన్‌కు పోయాను. అడుగడుగుకూ ఒకటే అనుకున్నాను. ప్లాట్‌ఫారం మీద సేటు ఉండడు, ఎవరూ ఉండరు, అక్కడ మార్చేస్తాను. ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చష్మా పెట్టుకుని, వాచకం తెరిచి, మొహానికి దగ్గరగా తెచ్చుకుంటున్నాడు, దూరం జరుపుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. నేను వెనుక, నీళ్ల కుళాయి పక్కన నిలబడ్డాను. పది అడుగుల దూరం. ఏమని మొదలుపెట్టాలి? దుకాణంలో పక్కా అన్నవాణ్ని, ఇక్కడికి వచ్చి ఏమనాలి? మొదటి మాట దొరికితే చాలు, మిగతావి వస్తాయి అనుకున్నాను. మొదటి మాట దొరకలేదు. రైలు వచ్చింది. ఆయన పుస్తకం మూసి, కడ్డీ పట్టుకుని ఎక్కాడు. రైలు కదిలేదాకా నేను కుళాయి దగ్గరే ఉన్నాను.

మర్నాడు వికారాబాద్‌లో ఏం జరిగిందో మర్పల్లి నుంచి పరీక్షకు వచ్చిన ఇంకొక మాస్టర్ మా దుకాణంలో చెప్పాడు. ఖాదర్ మాస్టర్ రెండు వరుసలు కూడబలుక్కుని చదివి ఆగిపోయాడట. కండ్లు సరిగ్గా లేవు, చష్మా తప్పుంది, ఇంకో తేదీ ఇయ్యండి అని అడిగాడట. ఇన్‌స్పెక్టర్ ఇచ్చేవాడేనట, చెడ్డమనిషేమీ కాదు. కానీ పక్కనున్నవాళ్లెవరో నా మాట చెప్పారు. డాక్టర్ రెండుసార్లు చూసి సరిగ్గానే ఉందన్నాడనీ, చష్మా చేసినవాడే, అతని శిష్యుడే, నలుగురిలో ఏమన్నాడో చెప్పారు. ఇన్‌స్పెక్టర్ కూడా నవ్వాడట. ఇంకో తేదీ ఇవ్వలేదు. నేను అద్దం తుడుస్తూ అదంతా విన్నాను. నా ఎగతాళి అక్కడ సాక్ష్యమైంది.

ఆయన్ను బడి నుంచి తీసి, ఒక దఫ్తర్‌లో ఫైళ్లు అటూ ఇటూ మోసే పనిలో పెట్టారు. అక్కడ కూడా జనం మాస్టర్ సాబ్ అనే పిలిచేవారట, వెక్కిరింపుగా కాదు, అలవాటుగా. ఆయనే వద్దన్నాడని విన్నాను.

నేను వికారాబాద్ దుకాణానికి వచ్చేశాను. ఆ రోజు నుంచి డాక్టర్ సాబ్ చీటీలు కుడి నుంచే చదివాను. పాత కార్డులు తీసి, ఎవరెవరికి తప్పు పోయిందో చూసుకుని, కనిపించిన వాళ్లను కనిపించినట్టు పిలిచాను. చష్మా ఊరికే కడిగి ఇస్తాను రండి అని చెప్పి, లోపలికి తీసుకుపోయి అద్దాలు మార్చి ఇచ్చాను. ఎంత మంచివాడో అనుకున్నారు. ఒక్క మనిషిని తప్ప అందరినీ సరిచేశాను. ఆయన ఇక రాలేదు, చష్మా పెట్టుకోవడమే మానేశాడని తెలిసింది. నేను పోయి ఉండవచ్చు. ధారూర్ ఎంత దూరం? ఎన్నిసార్లు ఆ స్టేషన్ మీదుగా తాండూరు పోలేదు? రైలు ఆగినప్పుడల్లా కిటికీకి అవతలి వైపు తిరిగి కూర్చునేవాణ్ని.

పోయిన ఎండాకాలం ఆయనే వచ్చాడు.

ముసలి డాక్టర్ సాబ్ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు చదవడానికి పెట్టుకునే చష్మాలకు నేనే పరీక్ష చేస్తున్నాను. ఇనుప చట్రం, అద్దాల పెట్టె, గోడ మీద తెలుగు అట్ట, అన్నీ ఉన్నాయి. బక్కచిక్కిన మనిషి కట్టె పట్టుకుని లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చున్నాక గుర్తుపట్టాను. పని నుంచి దిగిపోయాడట. బొంరాస్‌పేటలో బిడ్డ దగ్గర ఉంటున్నాడట. మనవరాలి పుస్తకం చదవాలని ఉందన్నాడు. నామీద కోపం లేదు. పాత సంగతి ఎత్తనే లేదు. "నువ్వు పెద్ద దుకాణం వెట్టినవని విన్న, ఖుషి అయింది" అన్నాడు.

చట్రం పెట్టాను. కుడికంటిలో ఒక అద్దం వేసి, తీసి, ఇంకొకటి వేసి, అందరినీ అడిగినట్టే అడిగాను, ఇది బాగుందా సార్, ఇంతకుముందుది బాగుందా?

ఆయన ముక్కు మీది చట్రం సర్దుకున్నాడు. ఇంకో అద్దం మార్చి మళ్లీ అడిగాను. అట్ట వైపు కాదు, నా వైపు చూశాడు.

"నువ్వే చెప్పు బేటా. నాకు సాఫ్‌గ కనవడ్తున్నదా?"

తమాషాకు అనలేదు. నిజంగానే అడిగాడు. ఏం కనిపిస్తుందో చెప్పే ధైర్యం ఆ మనిషికి పోయింది. పన్నెండేండ్లుగా తనకు కనిపించినదాన్ని తానే నమ్మలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందో లేదో కూడా ఇంట్లో వాళ్లను అడుగుతాడని, వెంట వచ్చిన అల్లుడు నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేకపోయాను.

గీతలు చూపించి, వేళ్లు చూపించి, చుట్టుతిరుగుడుగా నంబరు పట్టుకున్నాను. రెండు రోజుల్లో చష్మా చేశాను. ఏ అద్దం ఏ కంటికో పదిసార్లు చూసుకున్నాను. ఆయన పెట్టుకుని గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు. వారం పేరు చదివాడు, నెల పేరు చదివాడు, కింద సన్నగా ఉన్న దుకాణం పేరు కూడా చదివాడు. ఒక్క ఒత్తు కూడా తప్పలేదు. ఆ దఫ్తర్‌లో ఉండగా ఎప్పుడో ఎట్లాగో తెలుగు నేర్చుకున్నాడన్నమాట. లేక అప్పుడే వచ్చి ఉండేదా? నాకు తెలియదు. ఆ సంగతి ఇక ఎవరికీ తెలియదు.

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఆయన చష్మా మీద చేయి పెట్టుకుని, "సరిగ్గనే ఉన్నదంటవా?" అన్నాడు. సరిగ్గనే ఉన్నది సార్ అన్నాను. అయితే పోతా అని లేచాడు. నేను మెట్ల దాకా పోయి, చేయి పట్టుకుని దించాను. అల్లుడు ఆయన్ను బస్సు దగ్గరికి తీసుకుపోయాడు.

వానాకాలం మొదట్లో పోయాడని కబురు వచ్చింది. మట్టికి పోయాను. వెనుక వరుసలో నిలబడ్డాను. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది వచ్చారు. ఒకరెవరో నన్ను చూపించి, చివరి రోజుల్లో కండ్లు తెప్పించింది ఇతనే అని మిగతావాళ్లకు చెప్పారు. నేను కాదనలేదు. అక్కడ కూడా కాదనలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీకు లేదు, ఉన్న మనిషి లేడు. వినండి చాలు. ఖాదర్ మాస్టర్ కండ్లు అబద్ధం చెప్పలేదు. ఆయన మసకగా ఉందన్న ప్రతిసారీ మసకగానే ఉంది. కుడికంటికి ఉండవలసిన అద్దం ఎడమకంటికి బిగించింది నేను. అది తెలిసి కూడా సరిగ్గా ఉందని చెప్పింది నేను. ఈ సంగతి ఇన్నాళ్లూ నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.